మెల్లకన్ను టీవీ

సాయంత్రం ఆరుంపావు దాటగానే అత్తగారు కళ్ళజోడు తీసి, మెత్తటి గుడ్డతో రెండు అద్దాలూ తుడిచి, మళ్ళీ పెట్టుకుని, కుర్చీని ఓ జానెడు ముందుకు జరుపుకునేవారు. ఆ గుడ్డ కొడుకు దుకాణం నుంచి వచ్చింది. కొడుక్కి బజారులో కళ్ళజోళ్ళ దుకాణం ఉంది. ఆరున్నరకి సీరియల్ మొదలవుతుంది. ఆ సీరియల్‌కి మాటలు రాసేది ఇంట్లో ఉన్న కోడలే. అయితే సీరియల్ పాట వినపడగానే కోడలు లేచి వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పేసేది. పొద్దంతా తను రాసిన మాటల్నే సాయంత్రం మళ్ళీ ఇంకొకళ్ళ నోట వినడం ఆమెకి గిట్టదు.

ఆ ఇంట్లో టీవీకి మెల్లకన్ను.

అంటే ఏమిటో నెమ్మదిగా చెప్పుకుందాం. సీరియల్లో ఒక హాలు ఉందనుకోండి. కథానాయిక మధ్యలో నిలబడి ఏడుస్తోంది. మొగుడు కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు. ఆడపడుచు సోఫాలో కూర్చుని గోళ్ళు చూసుకుంటోంది. వెనక గోడ దగ్గర పనావిడ ట్రే పట్టుకుని నిలబడింది. ఊళ్ళో అందరి టీవీల్లోనూ కథానాయిక మొహం కనిపిస్తుంది. ఈ టీవీ మాత్రం ట్రే పట్టుకున్న ఆవిడ ఎక్కడ నిలబడిందో అక్కణ్ణుంచి చూపిస్తుంది. కథానాయిక వీపు, మొగుడి మెడ, ఆడపడుచు జడలో ఊడిపోబోతున్న రెండు పిన్నులు కనిపిస్తాయి. ట్రే ఆవిడ వంటింట్లోకి వెళితే టీవీ కూడా ఆవిడ వెంట వంటింట్లోకే వెళ్ళిపోతుంది. హాల్లో గొడవంతా తలుపవతల నుంచి గుసగుసలా వినిపిస్తుంది.

కొన్న కొత్తలో మెకానిక్కు వచ్చి వెనక మూత విప్పి చూశాడు. "పిక్చర్ బాగుందండీ, సౌండ్ బాగుంది. చూపే కాస్త పక్కకి పోతోంది. పుట్టు మెల్ల. ఇప్పుడు సరిచేద్దామని కదిలిస్తే ఉన్న చూపు కాస్తా పోతుంది" అన్నాడు. చూపు సంగతి తెలిసిన కొడుకు కూడా అవునన్నాడు. ఆ విషయం అంతటితో అయిపోయింది.

పక్కింటివాళ్ళది మామూలు టీవీ. ఏడు గంటలకి పక్కింటావిడా అత్తగారూ వరండా పిట్టగోడకి అటొకరూ ఇటొకరూ నిలబడి లెక్క సరిచూసుకునేవారు.

"మావైపు ఇవాళ చెంపదెబ్బ పడింది పిన్నిగారూ. మీవైపు?"

"మావైపు పాలు పొంగాయి."

"చప్పుడు వినపడలేదా?"

"వినపడింది. అది చెంపదెబ్బా? గిన్నె మీద మూత జారిందనుకున్నానమ్మా. ఇంతకీ ఎవరు ఎవర్ని కొట్టారు?"

అత్తగారికి ఇలా సగం సగం వినడం కొత్త కాదు. ముప్పై ఏళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేశారు. రెండు వైపుల మాటలూ చెవిన పడేవి. తన వంతు మాట మాత్రం ఒక్కటే: లైన్‌లో ఉండండి.

*

ఇక కోడలి సంగతి. ఊరి చివర అద్దెకి తీసుకున్న మేడలో షూటింగు. కింద పెద్ద హాలు, హాల్లోంచి పైకి మెట్లు, ఆ మెట్ల కింద ఒక చిన్న బల్ల. దీపాలన్నీ నటుల మొహాల మీదే ఉంటాయి కాబట్టి మెట్ల కింద పట్టపగలు కూడా మసకే. ఆ మసకలో కాగితం మీదకి వాలిపోయి రాస్తుంది. యూనిట్‌లో అందరూ ఆమెని మాటలావిడ అంటారు. మనమూ అలాగే అందాం.

ఆ మేడలో మాట లేని పాత్రలు మూడున్నాయి. కారు తలుపు తీసే డ్రైవరు, మొక్కలకి నీళ్ళు పోసే తోటమాలి, ట్రే పట్టుకునే పనావిడ. ఈ పనావిడ వేషం వేసే ఆవిడని అందరూ ట్రే అక్క అంటారు. యాభై రెండేళ్ళుంటాయి. మూడేళ్ళుగా, ఏడువందల నలభై ఎపిసోడ్లుగా, ఓ మూల సొట్టపడిన అదే స్టీలు ట్రే, దాని అడుగున పరిచిన అదే పువ్వుల కాగితం. మోకాళ్ళు ఎంత లాగుతున్నా గ్లాసులో నీళ్ళు కదలవు. కిందటి షాట్‌లో కథానాయిక ఏ చేత్తో కళ్ళు తుడుచుకుందో డైరెక్టర్ మర్చిపోతే ఆవిడనే అడుగుతాడు.

"ఎడమ చేత్తో సార్. వేళ్ళ వెనకవైపుతో. ఉంగరం లోపలికి తిరిగి ఉంది."

అంత తెలిసినా తెర మీద ఆవిడ నోటి నుంచి ఒక్క ముక్క రాలేదు. మాటలావిడ రాయకపోలేదు. "వస్తున్నానమ్మా" అని పదకొండుసార్లు రాసింది. పదకొండుసార్లూ కథానాయిక ఏడుపు కాస్త సాగింది, ఆ మేరకి "వస్తున్నానమ్మా" కోతపడింది.

"మా చెల్లెలు వెటకారం చేస్తోందమ్మా" అంది ట్రే అక్క ఒకరోజు, గ్లాసు తుడుచుకుంటూ. "ఈసారి నాకు మాట ఉందే, చూడు, అని చెప్పాను. చూసి ఫోన్ చేసింది. నీ నోరు కదిలింది కానీ శబ్దం రాలేదక్కా, మా టీవీ పాడైందేమోనని కొట్టి చూశాను అంది."

"ఈసారి గట్టిది రాస్తాలే అక్కా."

"గట్టిదొద్దు. చిన్నదైనా పర్లేదు. సంఘం కార్డుకి ఒక్క మాట చాలట."

ఆ కార్డు సంగతి తెలిస్తే తక్కిన కథ తెలుస్తుంది. తెర మీద ఒక్క మాటైనా మాట్లాడినవాళ్ళకే కళాకారుల సంఘం కార్డిస్తుంది. కార్డున్నవాళ్ళని పిలిచి పని ఇస్తారు. కార్డు లేనివాళ్ళు పొద్దున్నే స్టూడియో గేటు దగ్గర వరసలో నిలబడాలి. మేనేజరు వచ్చి వేలు చూపిస్తే లోపలికి, లేకపోతే ఇంటికి. ట్రే అక్క ఇరవై ఏళ్ళు అలా నిలబడింది. ఈ సీరియల్ వచ్చాకే ఆవిడ కాళ్ళకి ఆ వరస తప్పింది.

*

మంగళవారం మధ్యాహ్నం ఛానెల్ ఆఫీసు నుంచి ఒక కాగితం వచ్చింది. డైరెక్టర్ దాన్ని రెండుసార్లు చదివి మాటలావిడ బల్ల మీద పెట్టాడు.

సోమవారం ఎపిసోడ్ నుంచి కథను ప్రథమ పురుషలో చెప్పించాలి. ఉత్తరం ఏమైందో ఆ ఎపిసోడ్‌లోనే తేలిపోవాలి. మాటలు లేని పాత్రలు శుక్రవారంతో సరి.

ఉత్తరమంటే కథానాయిక తండ్రి చనిపోయే ముందు ఆమెకి రాసింది. మొదటి వారంలోనే, ఆమె విప్పి చదవకముందే, హాల్లోంచి మాయమైంది. ఎవరు తీశారో కథ మొదలుపెట్టిన రచయితకి మాత్రమే తెలుసు. ఆయన ఇంకో ఛానెల్‌కి వెళ్ళిపోతూ ఎవరికీ చెప్పలేదు. ఆ తరవాత వచ్చిన మాటలావిడ మూడేళ్ళుగా ఇంట్లో వాళ్ళందరిచేతా ఒకళ్ళనొకళ్ళు అనుమానింపజేస్తూ నెట్టుకొస్తోంది.

"ఉత్తరం సంగతి తరవాత. ముందు ఈ ప్రథమ పురుష ఎవరు?" అన్నాడు డైరెక్టర్.

అద్దం ముందు మేకప్ వేయించుకుంటున్న హీరో తల తిప్పాడు. "ఎవరేంటండీ? మొదటి మగవాడు. నేనే. ఇన్నాళ్ళకి గుర్తించారు."

"కాదండీ, ఇది వ్యాకరణం" అంది మాటలావిడ. "నేను, మేము అంటే ఉత్తమ పురుష. నువ్వు, మీరు అంటే మధ్యమ పురుష. వాడు, ఆమె, వాళ్ళు అంటే ప్రథమ పురుష. అంటే కథలో ఎవరో పక్కన నిలబడి, ఆమె ఇలా చేసింది, ఆయన అలా అన్నాడు అని చెప్పాలన్నమాట."

ఇక్కడే తిరకాసు. మాటలావిడ చెప్పింది అక్షరాలా నిజం, బడిలో అలాగే నేర్పుతారు. కానీ ఛానెల్ పెద్దమనిషి ఆఫీసులో నోటితో చెప్పింది "ఫస్ట్ పర్సన్" అని. ఇంగ్లీషు లెక్కలో అది "నేను" అని చెప్పడం. కథానాయిక తన కథ తనే నేను నేను అంటూ చెప్పాలని ఆయన ఉద్దేశం. టైపు చేసినావిడ ఫస్ట్ అంటే ప్రథమ కదా అని ప్రథమ పురుష అని కొట్టేసింది. ఆయన ఒకటి అడిగితే ఇక్కడికి సరిగ్గా దానికి ఎదురుది వచ్చింది. తప్పెవరిదీ అనలేం.

"ఒకసారి ఫోన్ చేసి అడుగుదామా?" అంది మాటలావిడ.

"అడిగితే మనకి తెలీదని తెలిసిపోతుంది మేడమ్" అన్నాడు డైరెక్టర్. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. మళ్ళీ తీసి చూశాడు. "మరి ఇన్నాళ్ళూ ఏ పురుషలో తీశాను నేను?"

హీరో మళ్ళీ అద్దం వైపు తిరిగాడు.

ట్రే అక్క అంతా విన్నది. గోడ దగ్గర నిలబడేవాళ్ళకి అన్నీ వినిపిస్తాయి. సాయంత్రం వెళ్ళేముందు బల్ల దగ్గరికి వచ్చింది.

"శుక్రవారంతో సరా అమ్మా?"

"అక్కా, నేను..."

"మీరేం చేస్తారు. గేటు దగ్గర వరస నాకు తెలిసిందే. మోకాళ్ళకి తెలియాలంతే." ట్రేలో కాగితం అంచు ముడత పడితే గోటితో సాపు చేసింది. "ఇంకా మూడు రోజులున్నాయిగా. వీలైతే చూడండి. వస్తున్నానమ్మా అన్నా చాలు."

*

ఆ సాయంత్రం మాటలావిడ కుళాయి తిప్పలేదు. బుర్రలో ప్రథమ, మధ్యమ, ఉత్తమ మూడూ కలిసి గిర్రున తిరుగుతున్నాయి. వచ్చి అత్తగారి కుర్చీ పక్కన పీట వేసుకుని కూర్చుంది. అత్తగారు ఆశ్చర్యపోలేదు, కాళ్ళు కాస్త ముడుచుకుని చోటిచ్చారు.

టీవీలో వంటిల్లు కనిపిస్తోంది. స్టవ్వు మీద నీళ్ళు మరుగుతున్నాయి. దూరంగా హాల్లో కథానాయిక ఏదో అంటోంది, అది మాటలావిడ రాసిందే, ముక్క ముక్కలుగా వినిపిస్తోంది. దాని మీదుగా, చాలా దగ్గరగా, ఇంకో గొంతు.

"ఆమె ఇవాళ కూడా తినలేదు. ఆయన తిన్నాడు. ఆయన తిన్నాడని ఆమె చూసింది. ఆమె చూసిందని ఆమె చూసింది."

మాటలావిడ పీట ముందుకు జరుపుకుంది. "ఎవరి గొంతు అత్తయ్యా అది?"

"ఎవరిదేమిటి. కథ చెప్పే ఆవిడది. ఆ ట్రే ఆవిడది."

"మా కథకి చెప్పేవాళ్ళెవరూ లేరు. నేను రాయలేదు."

"నువ్వు రాయకపోతే ఆవిడ చెప్పకూడదా ఏమిటి?" అన్నారు అత్తగారు. "మొదట్నుంచీ ఆవిడేగా చెబుతోంది. చక్కగా చెబుతుంది. ఒక్కరి మీదా చెడ్డగా అనదు."

గొంతు మళ్ళీ మొదలైంది. "ఆమె ఉత్తరం ట్రేలో పెట్టింది. ఆమె దాన్ని లోపలికి తీసుకొచ్చింది. ఆమె మూడేళ్ళుగా వెతుకుతోంది. ఆమె మూడేళ్ళుగా దాచి ఉంచింది."

"ఆగండాగండి" అంది మాటలావిడ, టీవీ ఆగుతుందన్నట్టు. "ఇందులో ఏ ఆమె ఏ ఆమె?"

"పెట్టిందీ, వెతుకుతున్నదీ మీ ఏడుపు పిల్ల. తెచ్చిందీ, దాచిందీ ఈవిడ. చూస్తే తెలియడంలా?"

"అయితే ఉత్తరం..."

"ఆరోజు ఆ పిల్ల ఏడుస్తూ నీళ్ళు తాగింది. ఖాళీ గ్లాసు ట్రేలో పెట్టింది. గ్లాసుతో పాటు, కళ్ళు తుడుచుకున్న చేతిలో ఉన్న కవరు కూడా పెట్టేసింది. ఈవిడ ట్రే పట్టుకుని లోపలికొచ్చేసింది. అంతే. ఎవరూ దొంగతనం చెయ్యలేదు. పువ్వుల కాగితం కింద ఉంది."

"మీకు మూడేళ్ళుగా తెలుసా?"

"తెలుసు."

"నాకు చెప్పలేదేం అత్తయ్యా?"

"రాసేదానివి నువ్వు. నీకు తెలియదని నేనెందుకనుకుంటానమ్మా? పైగా నువ్వు కుళాయి తిప్పుకుంటావు."

మాటలావిడ తల పట్టుకుంది. "పోనీ ఆవిడ మర్నాడైనా తిరిగి ఇచ్చెయ్యచ్చుగా? ఎందుకివ్వలేదు?"

అత్తగారు టీవీ మీంచి చూపు తిప్పి కోడలి వైపు చూశారు. "ఊరికే చేతిలో పెడితే దొంగదని మీద పడరా? అమ్మా, ఇది మీరే ట్రేలో పెట్టారు, అని చెప్పాలి. చెప్పడానికి ఆవిడకి మాటేది? మాట రాయాల్సింది ఎవరు?"

టీవీలో స్టవ్వు మీద నీళ్ళు మరిగి మరిగి ఆవిరైపోతున్నాయి.

"ఎక్స్ఛేంజిలో ఒకసారి" అన్నారు అత్తగారు, "ఒకమ్మాయి ఎవరికో ఫోన్ చేసి, నేను రేపు వస్తున్నాను, స్టేషనుకి రండి అంది. లైను బాగోలేదు. అవతలాయనకి వినపడలేదు. హలో హలో అంటున్నాడు. నాకు స్పష్టంగా వినపడుతోంది. ఒక్క ముక్క నేను అందిస్తే చాలు. అందించకూడదు, రూలు. లైన్‌లో ఉండండి అన్నాను. ఆయన పెట్టేశాడు." కళ్ళజోడు తీసి మళ్ళీ తుడుచుకున్నారు. "ఆ అమ్మాయి స్టేషన్లో ఎంతసేపు నిలబడిందో."

*

బుధవారం పొద్దున్నే మాటలావిడ మెట్ల కింద కూర్చుని మధ్యాహ్నానికి నాలుగు పేజీలు నింపింది. డైరెక్టర్ నిలబడే చదివాడు, తరవాత కూర్చుని చదివాడు.

"కథ ట్రే అక్క చెబుతుందా?"

"ప్రథమ పురుష అన్నారుగా. తన కథ తను చెప్పుకునేవాళ్ళు ఆమె, ఆమె అంటే పిచ్చనుకుంటారు. పక్కన నిలబడినవాళ్ళే చెప్పాలి. మీ హీరోగారు పక్కన నిలబడతారేమో అడగండి."

"నేను పక్కన నిలబడను" అన్నాడు హీరో.

"కానీ మాటలు లేని పాత్రలు శుక్రవారంతో సరి అన్నారు మేడమ్" అన్నాడు డైరెక్టర్.

"ఈ సీను తీసేది శుక్రవారమేగా. రూలు ప్రకారమే ఉంది."

కథానాయిక పేజీలు తిరగేసింది. "అంటే నేను అక్కడే నిలబడి ఉండగా నా ఉత్తరం గురించి నన్ను ఆమె, ఆమె అంటుందా?"

"మూడేళ్ళుగా మీరు ఆవిణ్ణి ఏయ్ అంటున్నారండీ" అన్నాడు డైరెక్టర్. అన్నాక తనే తడబడ్డాడు, ఎందుకంటే అలా అనాలని అతను అనుకోలేదు. ఆ రెండు రోజులూ అందరి నోళ్ళూ అలాగే ఉన్నాయి. ఎవరిని నువ్వనాలో, ఎవరిని ఆమె అనాలో తెలియక లైట్లు పట్టుకునేవాళ్ళు కూడా సగం మాటలో ఆగిపోయేవారు.

ట్రే అక్క పేజీలు చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది.

"ఇందులో నాది ఏది అమ్మా?"

"అంతా మీదే."

"అంతానా?" ఒక్కో పేజీ వెనకవైపు కూడా చూసింది. "వస్తున్నానమ్మా ఎక్కడుంది?"

"అది లేదక్కా."

"లేదా" అంది ఆవిడ. కాస్త నిరాశపడింది కూడా.

శుక్రవారం పదకొండింటికి దీపాలు వెలిగాయి. కథానాయిక సోఫాలో, హీరో కిటికీ దగ్గర. ట్రే అక్కని మొదటిసారి గోడ దగ్గర్నుంచి హాలు మధ్యకి తెచ్చి నిలబెట్టారు. చేతులు ఖాళీగా ఉంటే బాగుంటుందని డైరెక్టర్ ట్రే తీయించేశాడు. మొదలుపెట్టమన్నాడు.

ఆవిడ పెదాలు కదిలాయి. శబ్దం రాలేదు.

సౌండాయన మీట పెంచాడు. ఇంకా పెంచాడు. చెవులకున్నవి తీసి దులిపి మళ్ళీ పెట్టుకున్నాడు. "అక్కా, ఊపిరి వినపడుతోంది, మాట రావట్లేదు."

రెండోసారి. మూడోసారి. ఐదోసారికి హీరో గడియారం చూసుకున్నాడు. మూడేళ్ళు దీపాల ముందు ఊరికే పెదాలు కదిపి కదిపి, అక్కడ గొంతు ఆ పని మర్చిపోయింది. డైరెక్టర్ మెట్ల వైపు నడిచి వచ్చి గొంతు తగ్గించాడు. "మేడమ్, ఇంక గంటే ఉంది. ఇవే మాటలు ఆడపడుచు చేత చెప్పించేద్దామా? ఆవిడకి కార్డుంది."

మాటలావిడ ఎప్పుడూ దీపాల్లోకి రాదు. ఆ పూట వచ్చింది. బల్ల మీద పడేసి ఉన్న ట్రే తీసుకుంది, గ్లాసు పెట్టింది, కూజాలోంచి నీళ్ళు పోసింది, తీసుకెళ్ళి ట్రే అక్క చేతుల్లో పెట్టింది. ఆవిడ భుజాలు వాటి చోటికి అవి వెళ్ళాయి. గ్లాసులో నీళ్ళు రెండుసార్లు ఊగి ఆగాయి.

"ఆమె ఇవాళ కూడా తినలేదు" అంది ట్రే అక్క.

సౌండాయన ఉలిక్కిపడి మీట తగ్గించాడు.

అచ్చం టీవీలో విన్న గొంతే. మాటలావిడ మెట్ల కిందకి వెనక్కి వెనక్కి నడిచింది, చప్పుడు కాకుండా. ట్రే అక్క నాలుగు పేజీలూ ఎక్కడా తడుముకోకుండా చెప్పింది. ఆమె నీళ్ళు తాగింది, ఆమె గ్లాసు పెట్టింది, ఆమె కవరు పెట్టింది, ఆమె లోపలికి వెళ్ళింది. చివరి వాక్యానికి వచ్చింది. ఆ ఉత్తరం ఆమె దగ్గరే ఉంది అని రాసి ఉంది. అది అనగానే అసిస్టెంటు పక్క నుంచి కొత్తగా తయారుచేసిన కవరు అందించాలి.

"ఆ ఉత్తరం" అంది ట్రే అక్క. ఆగింది. ఒక చేత్తో ట్రే పట్టుకుని రెండో చేత్తో పువ్వుల కాగితం అంచు ఎత్తింది. కింద నుంచి ఒక కవరు తీసింది. అంచులు పచ్చబడ్డాయి, మీద గ్లాసు అడుగు గుండ్రంగా మరకపడింది. మూడేళ్ళ క్రితం మొదటి వారంలో షూటింగులో వాడిన కవరు అది. "నా దగ్గరే ఉంది."

డైరెక్టర్ కట్ అనడం మర్చిపోయాడు. అసిస్టెంటు కొత్త కవరు పట్టుకున్న చెయ్యి అలాగే గాల్లో ఉండిపోయింది.

కథానాయిక లేచి వచ్చింది. కవరు మీద తన కాటుక మరక ఉంది, ఎడమచేతి వేళ్ళది. "నేనే పెట్టానా?" అంది. అది ఎవరూ రాయలేదు. తరవాత ఆమె ఏడ్చింది, కానీ ఎప్పుడూ ఏడ్చేటట్టు కాదు. ఆ ఏడుపుకి శబ్దం లేదు.

దీపాలు ఆర్పాక మాటలావిడ ట్రే అక్క దగ్గరికి వెళ్ళింది. "అక్కా, నేను ఆమె దగ్గరే అని రాశాను."

"తెలుసమ్మా. కానీ నా దగ్గరే ఉందిగా." ట్రే అక్క గ్లాసులో నీళ్ళు తనే తాగేసింది. "ఆరోజే చెబుదామనుకున్నాను. సార్ కట్ అనేశారు."

డైరెక్టర్ కాగితం మళ్ళీ జేబులోంచి తీశాడు. "చివర్లో ప్రథమ పురుష చెడింది మేడమ్. మళ్ళీ తీద్దామా?"

"వెలుగు పోతోంది" అంది మాటలావిడ. పోవడం లేదు, ఇంకా పన్నెండున్నరే.

శనివారం ఛానెల్ పెద్దమనిషి ఎడిటింగ్ గదికి వచ్చి కూర్చుని చూశాడు. మొదటి నిమిషంలో ఆయన నొసలు ముడిపడింది. రెండో నిమిషంలో నేనడిగింది ఇది కాదే అన్నట్టు డైరెక్టర్ వైపు తిరిగాడు. డైరెక్టర్ నేల చూపులు చూశాడు. తెర మీద ట్రే అక్క కవరు తీసి "నా దగ్గరే ఉంది" అంది. ఆయన నోరు తెరిచినవాడు మూసుకున్నాడు.

"ఆమె ఆమె అంటుంటే నాకు అయోమయంగా ఉంది" అన్నాడు ఆఖరికి. "ఆ నా అనగానే అర్థమైంది. అదే నేనడిగింది. ఫస్ట్ పర్సన్. సోమవారం ఇలాగే వెయ్యండి. ఇకనుంచి ఆవిడే చెప్పాలి."

"మాటలు లేని పాత్రలు శుక్రవారంతో సరి అన్నారు కదండీ" అన్నాడు డైరెక్టర్, ఎందుకైనా మంచిదని.

"ఆవిడకి మాటలున్నాయిగా" అన్నాడాయన.

డ్రైవరుకీ తోటమాలికీ ఆ తరవాత పనిపోలేదు, ఎందుకంటే వాళ్ళ గురించి కూడా ఆవిడ చెప్పడం మొదలుపెట్టింది. కార్డు కోసం సంఘం ఆఫీసుకి వెళితే గుమాస్తా ఎన్ని మాటలు మాట్లాడారని అడిగి, నాలుగు పేజీలు చూసి, ఒక్కటి చాలండీ అన్నాడట.

*

సోమవారం ఆరుంపావు దాటాక అత్తగారు అద్దాలు తుడుచుకుని కుర్చీ జరుపుకున్నారు. మాటలావిడ వంటింట్లో కుళాయి తిప్పింది. అలవాటు అంత తొందరగా పోదు.

ఊళ్ళో ప్రతి టీవీలోనూ ఆ పూట హాలు మధ్యలో ట్రే అక్క మొహం. మెల్లకన్ను టీవీ కాసేపు ఎటు చూడాలో తెలియనట్టు తడబడింది. ట్రే అక్క వీపు చూపించింది. కథానాయిక పక్కకి వెళ్ళింది, అక్కడా నిలవలేదు. కిటికీ, గోడ, ఖాళీగా ఉన్న ట్రే అక్క పాత చోటు, మెట్లు. మెట్ల కిందకి వంగింది. అక్కడ మసకలో బల్ల, బల్ల మీద కాగితాలు, కాగితాల వెనక ఒక ఆడమనిషి. ట్రే అక్క మాట్లాడే ఒక్కో మాటకీ ఆమె పెదాలు కదులుతున్నాయి. శబ్దం లేదు.

"అమ్మాయ్" అన్నారు అత్తగారు, వెనక్కి తిరగకుండా. "ఆ మసకలో రాస్తున్నావేమిటి? కళ్ళు పోతాయి. మావాడితో చెప్పి ఒక దీపం పెట్టించుకో."

మాటలావిడ గుమ్మంలోకి వచ్చి చూసింది. లోపలికి వెళ్ళి కుళాయి కట్టేసి, వచ్చి పీట మీద కూర్చుంది. తెర మీద ఉన్నామె కలం ఆపి తలెత్తింది, ఏదో అనబోతున్నట్టుగా. అంతలో పాట వచ్చి సీరియల్ అయిపోయింది.

ఏడింటికి పక్కింటావిడ పిట్టగోడ దగ్గర అప్పటికే కాచుకుని ఉంది.

"మావైపు ట్రే ఆవిడ మాట్లాడింది పిన్నిగారూ. ఎంత బాగా చెప్పిందో. మీవైపు ఎవరొచ్చారు?"

"మావైపు మా కోడలొచ్చింది."

"అవునా. ఏమంది?"

"ఇంకా ఏమీ అనలేదు" అన్నారు అత్తగారు. "లైన్‌లో ఉంది."